చేల మధ్య మిగిలిన రెండెకరాలు: రొయ్యల చెరువుకు ఇవ్వడం విశ్వాసికి తగునా?

ప్రశ్న: గట్టుమీది తాడిచెట్టు

క్రీస్తు నామమున అందరికీ వందనములు.

మాది భీమవరానికి దిగువన, కాలువ చివరి ఆయకట్టులో ఉన్న ఊరు. మా నాన్నగారు మా కతోలిక విచారణలో (గుడి పరిధిలో) ముప్పై ఏళ్లకు పైగా ఉపదేశిగా (మతబోధకుడిగా) ఉన్నారు. ఆ జీతంతో కాదు గాని, అమ్మ పాడిగేదెల మీద కూడబెట్టిన డబ్బుతో రెండెకరాల ఇరవై సెంట్ల చేను కొన్నారు. ఆయన పోయాక అది నా పేరు మీదికి వచ్చింది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, వరుసకు చిన్నాన్న అయ్యే ఒకాయనకు దాన్ని కౌలుకు ఇచ్చాను. ఆయనా పిన్నీ మా గుడికే పూజకు వస్తారు. వారికి సొంత భూమి సెంటు కూడా లేదు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కలిపి ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాల మక్తా (స్థిర కౌలు) అనుకున్నాము.

గడచిన ఆరేడేళ్లలో మా చేనుకు మూడు వైపులా రొయ్యల చెరువులు వచ్చాయి. తూర్పున మాత్రం ఒక బోదె (చిన్న కాలువ), దాని అవతల ఎప్పుడో ప్రభుత్వం పంచిన అరెకరం ముక్కలు ఉన్నాయి. ఆ ముక్కల్లో ఇంకా వరే వేస్తున్నారు. ఇప్పుడు ఆ చెరువులు చేసే ఆయన మా చేను కూడా కలిపేసుకుంటానని, ఎకరానికి ఏడాదికి తొంభై వేల చొప్పున మూడేళ్ల లీజు ముందే చేతిలో పెడతానని కబురు పంపారు. మా మక్తా ధాన్యాన్ని 2025-26 మద్దతు ధర, అంటే క్వింటాలుకు 2,369 రూపాయల లెక్కన కట్టినా ఎకరానికి యాభై వేలు రావు. అది కూడా పంట పండితేనే.

క్రిస్మసుకు ఊరు వెళ్లినప్పుడు చిన్నాన్న నన్ను పడమటి గట్టు దగ్గరకు తీసుకెళ్లారు. వంగి, అరచేయంత మట్టిపెళ్ల తీసి నా చేతిలో పెట్టారు. పైన బూడిద చల్లినట్టు పలుచటి తెల్లపొర ఉంది; నాలుక కొసకు తగిలిస్తే ఉప్పు. కోసిన చేలో మిగతా చోట్ల దుబ్బులు పిడికెడు లావున ఉంటే, గట్టు నుంచి పది బారల మేర రెండు మూడు పోచలకు మించి లేవు. ఆయన నన్ను ఏమీ అడగలేదు, పెళ్ల అక్కడే వేసి చేయి దులుపుకున్నారు.

సెప్టెంబరులో మా విచారణ గురువులు, పర్యావరణంపై పోపు గారు రాసిన 'లౌదాతో సీ' విశ్వలేఖ మీద ప్రసంగించారని అమ్మ చెప్పింది. ప్రసంగం బాగుందని చెరువుల వారు కూడా మెచ్చుకున్నారట. మా గుడి గంటగోపురానికి పెద్ద చందాలు ఇచ్చింది వారే కాబట్టి, ప్రసంగం అక్కడితో ముగిసింది.

నా సందేహం ఇది. చేను ఇస్తే నేను చేసేది పాపమా? చుట్టూ అందరూ ఇచ్చేశాక, నేనొక్కడినీ పట్టుకుని కూర్చోవడం విశ్వాసమా, మొండితనమా? పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాల ఒప్పుకోలులో) చెప్పుకోవలసిన విషయమా, లేక కేవలం లెక్కల విషయమా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు 1: మాజీ గురువిద్యార్థి

అయ్యా, మీరు అడిగిన దానిలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. రొయ్యల సాగు పాపమా అన్నది ఒకటి, మీ చేను ఇవ్వడం మీకు తగునా అన్నది మరొకటి. మొదటి దానికి శ్రీసభ (కతోలిక సంఘం) జవాబు చెప్పదు. ఫ్రాన్సిస్ పోపు గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' 188వ పేరాలోనే, శాస్త్ర సంబంధమైన వివాదాలను తేల్చడం గాని, రాజకీయాల స్థానంలో కూర్చోవడం గాని శ్రీసభ పని కాదని, నిజాయితీతో బహిరంగంగా చర్చ జరగాలన్నదే తమ ఉద్దేశమని రాశారు. కాబట్టి చెరువు తవ్వినవాడు నరకానికి పోతాడని బలిపీఠం దగ్గర నిలబడి ఎవరైనా అంటే, అది వారి సొంత అభిప్రాయమే.

రెండవ దానికి మాత్రం చాలా పాత బోధ ఉంది. పదమూడవ లియో పోపు గారు 1891లో 'రేరుం నోవారుం' రాసినప్పుడు సొంత ఆస్తి హక్కును గట్టిగా సమర్థించారు. అదే లేఖలో పునీత తోమాసు అక్వినాసు గారిని ఆధారం చేసుకుని, ఆస్తి కలిగి ఉండటం వేరు, దాన్ని వాడుకోవడం వేరు అని కూడా చెప్పారు. మనది మనదే అయినా, వాడేటప్పుడు అందరిదీ అన్నట్టు వాడాలి. రెండవ జాన్ పాల్ పోపు గారు 1987 నాటి విశ్వలేఖలో దీన్నే మన జిల్లాల వారికి ఇట్టే అర్థమయ్యే మాటలో పెట్టారు. సొంత ఆస్తి మీద ఒక సామాజిక తనఖా ఉంటుందన్నారు. తనఖా సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. దస్తావేజు మీ పేరు మీదే ఉంటుంది, శిస్తు మీరే కడతారు, పంటా మీదే, కాని తనఖా పట్టినవారిని అడగకుండా ఆ భూమి రూపు మార్చలేరు. మీ చేను మీద తనఖా ఎవరిదో మీరే రాశారు. మక్తా చేస్తున్న చిన్నాన్నది ఒకటి, బోదె అవతలి అరెకరం ముక్కల వారిది మరొకటి.

ఆ రెండో సంగతిని మీరు గమనించారో లేదో నాకు తెలియదు. మూడు వైపుల నుంచి వచ్చే ఉప్పు ఊట ఇవాళ మీ చేలో ఆగుతోంది. అంటే ఆ పేదల ముక్కలకు మీ చేనే అడ్డుకట్ట. మీరు ఇచ్చిన మరునాడు చెరువు గట్టు నేరుగా వారి బోదె మీదికి వస్తుంది. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయంలో పొరుగువాని సరిహద్దు రాయిని జరిపినవాడు శాపగ్రస్తుడు అని ఉంది. ఊట సరిహద్దు రాయిని ముట్టుకోదు. సర్వేయరు వచ్చి గొలుసు వేస్తే ఎవరి సెంట్లు వారికి సరిగ్గానే వస్తాయి, కాని పండే నేల మాత్రం ఏటా కొన్ని బారలు వెనక్కి జరుగుతుంది. నిర్గమకాండము 22వ అధ్యాయం ఇంకా సూటిగా, తన పశువులను వదిలి పరుల చేను మేపించినవాడు తన పొలంలోని మేలైన పంటతో ఆ నష్టాన్ని పూడ్చాలని చెబుతుంది. పశువు తెలియక తిన్నదన్న సాకు అక్కడ చెల్లదు.

ఇక పాపసంకీర్తనం సంగతి. ఒకరి తప్పులో మనం కోరి పాలుపంచుకోవడం వేరు, మన పని వారికి దూరం నుంచి ఉపయోగపడటం వేరు. రెండోదానిలో కారణం ఎంత బలమైనది, జరిగే నష్టం ఎంత పెద్దది, అది ఎవరి నెత్తిన పడుతుంది అన్నవి తూచి చూడాలి. తల్లి వైద్యానికో, పిల్ల చదువుకో డబ్బు అవసరమై ఇచ్చేవారికీ, ఉన్నదానిపై మరికొంత కోసం ఇచ్చేవారికీ నేను ఒకే జవాబు చెప్పను. అయితే పాపసంకీర్తనం చేసినంత మాత్రాన నష్టం పూడ్చే బాధ్యత తీరదని శ్రీసభ బోధల గ్రంథమైన సత్యోపదేశం 1459వ పేరాలో ఉంది. సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య కూడా ముందు ఎంత తిరిగి ఇస్తాడో లెక్క చెప్పాడు. అందరూ ఇచ్చారన్న వాదనకు, గుంపును అనుసరించి కీడు చేయవద్దన్న నిర్గమకాండము 23లోనే జవాబు దొరుకుతుంది కనుక దాన్ని పొడిగించను.

జవాబు 2: ఏరేటరు చప్పుడు

గురువిద్యార్థి గారి మీద గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. నేనూ కతోలికుణ్ణే. ఉప్పుటేరుకు దగ్గరలో ఒకటిన్నర ఎకరం సొంతం, ఆరెకరాలు లీజు. రొయ్యల మీదే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

చెరువులు చేసేవారంటే గంటగోపురాలు కట్టించే పెద్దలే అన్నట్టు ఇక్కడ మాట నడుస్తోంది. 1990లలో మా నాన్న టైగరు రొయ్య వేసి, వైట్‌స్పాట్ తెగులు వచ్చి, అమ్మ పుస్తెలతాడు దాకా పోగొట్టుకున్నారు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఆ అప్పులో సగం నేను తీర్చాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, పట్టుబడికి సిద్ధంగా ఉన్న చెరువు ముందు కూర్చుని కొనేవాడి ఫోను కోసం ఎదురుచూసిన వాళ్లలో నేనొకణ్ణి. తెల్లవారుజామున రెండింటికి కరెంటు పోతే రొయ్య నీటి పైకి తేలకముందే జనరేటరు వేయాలి. ఆ పది నిమిషాల్లో నేను చేసే ప్రార్థన ఏ తపస్సు కాలపు ప్రార్థనకూ తీసిపోదు.

వరి పవిత్రం, రొయ్య అపవిత్రం అన్న లెక్క నాకు నచ్చదు. (లేవీయకాండము 11లో పొలుసులు లేని జలచరాలు అశుద్ధమన్న మాట ఎత్తేవారికి, దేవుడు శుద్ధి చేసినదాన్ని అపవిత్రమనవద్దని పేతురు గారికి దుప్పటి దర్శనంలో వినిపించిన మాట గుర్తుచేస్తాను.) వరి చేలకు కొట్టే పురుగుమందులు కూడా అదే మురుగు కోడులోకి (మురుగు కాలువలోకి) పోతున్నాయి. కోతలకు మిషన్లు వచ్చి కూలీల పని పోయింది రొయ్యల వల్ల కాదు. కౌలు రైతు చెమట మీద ఊళ్లో లేని యజమానులు మక్తా తినడం తరతరాలుగా నడుస్తూనే ఉంది, దాని మీద ఎవరూ ప్రసంగం చేయలేదు.

ఇంత చెప్పాక, నిజం కూడా చెప్పాలి. కాలువ నీటితో చేసే చేపల చెరువు వేరు, లోతు బోర్లు వేసి ఉప్పునీళ్లు తోడి మంచినీటి ఆయకట్టు మధ్యలో వనామీ పెంచడం వేరు. మీ చేలో తెల్లపొర వచ్చిందంటే అక్కడ జరుగుతున్నది రెండోదే. 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సాధికార సంస్థ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సాగు చేయకూడదు. ఆ మూడు చెరువులకూ లైసెన్సు ఉందో లేదో ముందు మత్స్యశాఖ వారిని అడగండి. నేను మా చెరువు చుట్టూ నాలుగడుగుల వెడల్పున ఊటబోదె తవ్వించి, అందులో చేరిన నీటిని మళ్లీ చెరువులోకే తోడిస్తున్నాను. డీజిలు ఖర్చు అవుతుంది, కాని పక్క చేను రైతు నా మొహం చూసి పలకరిస్తాడు. ఇవ్వాలో వద్దో నేను చెప్పను. ఇస్తే మాత్రం ఊటబోదె, బోరు వేయకూడదన్న షరతు, గడువు తీరాక చెరువు పూడ్చి చేను చేసి ఇవ్వాలన్న షరతు కాగితం మీద పెట్టించండి. ఎకరానికి తొంభై వేలు ఇస్తానన్న మనిషి వీటికి ఒప్పుకోకపోతే, ఆ తొంభైలో కొంత మీ పక్కవాడి జేబులోంచి వస్తోందని అర్థం.

జవాబు 3: లంకల టీచరమ్మ

ఇక్కడ ఇప్పటివరకు మాట్లాడిన ముగ్గురికీ భూమి ఉంది, లేదా భూమి గురించిన చదువు ఉంది. భూమి లేని ఇంటి నుంచి వచ్చినదాన్ని కనుక నాకు తెలిసినది చెబుతాను.

మా అమ్మ, పెద్దమ్మ, మా పేటలోని ఆడవాళ్లందరూ సార్వా ఊడ్పులకు (వరి నాట్లకు) ముఠాగా వెళ్లేవారు. గురువిద్యార్థి గారు చెప్పిన తనఖా మా వాళ్లకు ఆ ఊడ్పుల రూపంలోనే అందేది. చెరువు వచ్చిన చోట పది ఎకరాలకు ఒక కాపలావాడు చాలు. వాడూ మా ఊరివాడు కాదు. ఆ తరువాత మా పేటలో కొందరు రొయ్యల షెడ్లకు వెళ్లి మంచునీళ్లలో చేతులు పెట్టి తలలు తీశారు, కొందరు కువైటుకో, మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లారు. ఇవాళ మా గుడిలో ప్రథమ సత్ప్రసాదం తీసుకునే పిల్లల వెనుక నిలబడేది అమ్మలు కాదు, అమ్మమ్మలు. కుటుంబ జీవితం మీద ఎన్నో ప్రసంగాలు వింటున్నాము. ఆ అమ్మలు ఎందుకు వెళ్లారో మాత్రం ఎవరూ కాలువ గట్టు దాకా వచ్చి చూడరు.

రెండోది నీళ్లు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు ప్రతి ఊరూ మంచినీళ్ల చెరువు నింపుకుంటుంది. వేసవి మొత్తం ఆ నీళ్లే ఆధారం. ఎగువన రొయ్యలు పట్టాక వదిలిన నీళ్లు అదే కాలువలో కలిస్తే, మా చెరువులోకి వచ్చేది అదే. పోయిన మే నెలలో మా బడి మధ్యాహ్న భోజనశాల పక్కనున్న కుళాయి నీళ్లు స్టీలు గ్లాసులో పట్టి రాత్రంతా ఉంచితే, పొద్దుటికి అడుగున నాచు రంగు వలయం కట్టింది. ఉన్నవాళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు, లేనివాళ్లు వడపోసుకు తాగుతారు. సురక్షితమైన తాగునీరు మనిషి ప్రాథమిక హక్కు, మిగతా హక్కులన్నిటికీ అదే మూలం అని 'లౌదాతో సీ' 30వ పేరాలో ఉంది. ఆ పేరా రాసినది మా కాలువ కోసం కాకపోయినా, మాకు సరిపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులపై ఇచ్చిన తీర్పు కూడా తాగునీరూ, సాగుభూమీ పాడవుతున్నాయన్న ఫిర్యాదు మీద వచ్చినదే. ఆ కేసు వేసిన ఎస్. జగన్నాథన్ గారు తమిళనాడుకు చెందిన గాంధేయవాది. మన శ్రీసభ బోధను మనకంటే ముందు ఆయన కోర్టులో నిలబెట్టారని నాకు అనిపిస్తుంది.

ఇక ప్రశ్న అడిగిన అన్నయ్య గారికి ఒక మాట. చెరువుకు ఇవ్వడం పాపమా అని మీరు అడిగారు. మీ చిన్నాన్న గారికి పంట సాగుదారు హక్కు పత్రం మీద సంతకం పెట్టారా? 2019 నాటి చట్టం ప్రకారం అది పదకొండు నెలల కాగితం; మీ యాజమాన్యానికి దాని వల్ల వెంట్రుకవాసి నష్టం లేదు. అది లేకపోతే ఆయనకు బ్యాంకు పంట రుణం రాదు, తుపానుకు చేను పడిపోతే వచ్చే పరిహారం కౌలుదారుకు కాకుండా హైదరాబాదులో ఉన్న మీ ఖాతాలో పడుతుంది. పొలాలు కోసిన పనివారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు గారి లేఖ 5వ అధ్యాయంలో ఉంది. కూలి బిగబట్టడానికి చేయి మూయనక్కరలేదు, సంతకం పెట్టకపోయినా చాలు. నా మాట కటువుగా ఉంటే మన్నించాలి.

ప్రశ్న అడిగినవారు: గట్టుమీది తాడిచెట్టు

ముగ్గురికీ వందనాలు. టీచరమ్మ గారి మాటకు రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

సంతకం పెట్టలేదు. మూడేళ్ల కిందట చిన్నాన్న ఒకసారి ఆ కాగితం తెచ్చి అమ్మకు ఇచ్చారు. కాగితం మీద పేరెక్కితే తరువాత చేను వదలడని ఎవరో చెప్పగా విని, వచ్చే నెల చూద్దాం అని ఫోనులో అన్నాను. ఆ వచ్చే నెల ఇప్పటికీ రాలేదు. 2025 అక్టోబరులో మోంథా తుపానుకు చేను నీట మునిగినప్పుడు, ఆయన విత్తనానికీ ఎరువులకూ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారని నాకు నిన్న ఫోను చేస్తేనే తెలిసింది. ఇన్నేళ్లలో నేను అడగలేదు. నాన్నగారు బతికుండగా పంట పోయిన ఏడాది సగం మక్తానే తీసుకునేవారు. నేను ఈసారి ఎంత తీసుకున్నానో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

వచ్చే శనివారం ఊరు వెళ్తున్నాను. సంతకం పెట్టి, అధికంగా తీసుకున్న బస్తాల సొమ్ము ఇచ్చి వస్తాను. చెరువుల ఆయనకు మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. చిన్నాన్నను అడిగితే, 'చేను నీది, నీ ఇష్టం బాబూ, బోదె అవతలి వాళ్లను కూడా ఒక మాట అడుగు' అన్నారు. వారిలో నలుగురి ఫోను నంబర్లు తెచ్చుకున్నాను. ఇద్దరితో మాట్లాడాను, ఒకరు వద్దని బతిమాలారు, ఒకరు మా ముక్క కూడా కలిపి బేరం చేయండి అన్నారు. రెండో ఆయన మాట విన్నాక నా తల ఇంకా తిరుగుతోంది.

ఏరేటరు చప్పుడు గారిని ఒకటి అడగాలి. చేను ఇవ్వకపోతే, ఆ ఊటబోదె మా వైపు మేమే తవ్వుకుంటే పనిచేస్తుందా?

జవాబు: ఏరేటరు చప్పుడు

కొంతవరకు పనిచేస్తుంది. న్యాయంగా తవ్వవలసింది అవతలి వారే, ఆ మాట అర్జీలో రాయండి. వారు తవ్వేదాకా ఆగితే చేను పోతుంది కాబట్టి మీరు తవ్వండి. గట్టుకు రెండు బారలు ఎడంగా, చేను మట్టం కంటే మూడడుగుల లోతు తగ్గకుండా ఉండాలి, వాలు తూర్పు బోదె వైపు కాకుండా మురుగు కోడు వైపు పెట్టాలి. లేకపోతే మీ ఉప్పు తీసుకెళ్లి ఆ అరెకరాల వాళ్ల నెత్తిన పోసినట్టవుతుంది. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వారంలో ప్రొక్లెయిను పెడితే మట్టి పొడిగా ఉండి ఒక పూటలో పని అవుతుంది. మా ఊరి ప్రొక్లెయిను ఆయన గంట లెక్కన వస్తాడు. కావాలంటే నేను మాట్లాడి పెడతాను. మొదటి రెండు వానలకు చేలో నీళ్లు నిలబెట్టి, ఊటబోదెలోకి వదిలి, మళ్లీ నింపండి. ఆ పది బారల్లో ఈ సార్వాకు కాకపోయినా, వచ్చే ఏటికి పిలకలు లేస్తాయి.